గాలికి గురి నేర్పిన కథ

గాలి తుపాకీ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది తిరణాల. చెక్క బోర్డు మీద రంగురంగుల బెలూన్లు, ముందొక బల్ల, బల్ల మీద గొట్టం కాస్త లూజైపోయిన తుపాకీ, ఇన్ని రూపాయలకి ఇన్ని గుళ్లని బేరం. హైదరాబాదు వాళ్లకైతే నాంపల్లి నుమాయిష్. ఎంత గురిపెట్టి కొట్టినా గుండు బెలూను పక్కనుంచి పోవటం, వెనక నుంచి స్నేహితులు నవ్వటం అందరికీ అనుభవమే. అందుకేనేమో, ఎయిర్ రైఫిల్ అంటే పిల్లల ఆటవస్తువని మనకో చిన్నచూపు.

దీనికి సరిగ్గా ఎదురు అభిప్రాయం ఇంకోటుంది. ఈ మధ్య సరదాకి ఎయిర్ రైఫిళ్లు కొంటున్న కుర్రాళ్లు బాగానే కనిపిస్తున్నారు. మా ఆఫీసులోనే ముగ్గురున్నారు. కొన్న వారానికి వాళ్లు అడిగే మొదటి ప్రశ్న 'గురి ఎలా కుదరాలి' అని కాదు, 'పవర్ ఎలా పెంచాలి' అని. ఇంకా గట్టి స్ప్రింగు వేయిస్తే ఎంతొస్తుంది, సెకనుకి వెయ్యి అడుగులు దాటుతుందా, ఇవీ లెక్కలు.

ఆటవస్తువని తీసిపారేసే వాళ్లకీ, దీన్ని అసలు తుపాకీగా మార్చెయ్యాలని తహతహలాడే వాళ్లకీ ఒకటే సమాధానం ఉంది. గాలి తుపాకీ ఒకప్పుడు నిజంగానే సైన్యంలో పనిచేసింది. చేసి, ఇది మన దారి కాదని వెనక్కొచ్చి, వేరే దారిలో ఒలింపిక్స్ దాకా వెళ్లింది. ఆ ప్రయాణం గురించే ఈ టపా.

ముందు అతి పాతదాని సంగతి. ఇప్పటికీ మిగిలున్న గాలి తుపాకుల్లో బాగా పాతదిగా చెప్పేది స్టాక్‌హోమ్‌లోని రాజాయుధాల మ్యూజియంలో ఉంది. సుమారు 1580 నాటిది. లోపల ఉన్నది కమ్మరి కొలిమి దగ్గరుండే తిత్తి లాంటిదే, కాకపోతే చిన్నది. మీట నొక్కితే స్ప్రింగు ఆ తిత్తిని టక్కున మూస్తుంది, గాలి గొట్టంలోకి తన్నుకొస్తుంది. మన దగ్గర విజయనగర సామ్రాజ్యం తళ్లికోట దెబ్బకి కూలి పదిహేనేళ్లయిన రోజులవి. అంటే ఇదేదో నిన్నమొన్నటి బొమ్మ కాదన్నమాట.

అసలు కథ మాత్రం రెండొందల ఏళ్ల తర్వాత ఆస్ట్రియాలో మొదలవుతుంది. టైరోల్ ప్రాంతపు పనివాడు బార్తొలొమియో గిరాండోని 1779 ప్రాంతంలో ఒక గాలి రైఫిల్ తయారుచేశాడు. ఆ మరుసటి ఏడాదికల్లా ఆస్ట్రియా సైన్యం దాన్ని తీసుకుంది. అప్పటి మామూలు తుపాకీ ఎలా ఉండేదో ఒకసారి ఊహించుకోండి. నిలబడి, గొట్టం పైనుంచి మందు పోసి, గుండు వేసి, కడ్డీతో దట్టించి, పేల్చాలి. చెయ్యి తిరిగినవాడు నిమిషానికి మూడుసార్లు పేలిస్తే గొప్ప. పేల్చగానే గుప్పున పొగ. వాన పడి మందు తడిస్తే ఆ రోజుకి అంతే.

గిరాండోని రైఫిల్లో మందు లేదు, పొగ లేదు, వాన భయం లేదు. గొట్టం పక్కన ఇంకో సన్నటి గొట్టం, అందులో ఇరవై పైచిలుకు గుళ్లు. మూతి కాస్త పైకెత్తి పక్కనున్న దిమ్మె నొక్కితే ఒక గుండు జారి వచ్చి కూర్చుంటుంది. పడుకుని కూడా కాల్చొచ్చు. నిమిషంలో ఇరవై గుళ్లూ అయిపోతాయి. గుండు కూడా చిన్నదేం కాదు, దాదాపు 12 మిల్లీమీటర్లది. నూరు గజాల దూరంలో మనిషిని చంపగలదు. గాలి ఎక్కడుంటుందంటారా? భుజానికి ఆనించే బట్ ఉంది చూశారూ, అదే గాలి ట్యాంకు. ఇనప రేకుతో చేసి మర తిప్పి బిగిస్తారు. ఖాళీ అయితే విప్పేసి ఇంకోటి బిగించుకోవటమే. సెల్‌ఫోను బ్యాటరీ మార్చినట్టు.

ఇంత గొప్ప ఆయుధం మరి యుద్ధాల చరిత్రనే మార్చెయ్యాలి కదా. మార్చలేదు. 1815 నాటికల్లా ఆస్ట్రియా దీన్ని పక్కన పెట్టేసింది.

కారణాలు చూస్తే ఇంజినీరింగ్ చదివిన వాడెవడికైనా నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. ఒక ట్యాంకు నింపాలంటే చేతిపంపుతో సుమారు 1500 సార్లు కొట్టాలి. పంక్చరైన సైకిల్‌కి యాభైసార్లు కొట్టేసరికే చేతులు పడిపోతాయి మనకి. అంత కొట్టి నింపితే పనికొచ్చేది ముప్ఫై గుళ్లకి. ఆ ముప్ఫైలోనూ మొదటి గుండుకున్న జోరు చివరిదానికి ఉండదు. కాల్చే కొద్దీ ట్యాంకులో పీడనం తగ్గుతుంది, గుండు వేగం తగ్గుతుంది, అంటే అదే గురికి గుండు ఇంకా కిందికి పడుతుంది. ఇక గాలి కారకుండా ఆపేవి తోలు వాషర్లు. పాత సైకిల్ పంపు వాడినవాళ్లకి ఈ కష్టం చెప్పక్కర్లేదు. తోలు ఎండితే పంపు పనిచెయ్యదు, తడిపో నూనె పూసో దాన్ని మెత్తబరచాలి. యుద్ధభూమిలో, చలిలో, బురదలో, వేల మంది సైనికుల చేత ఆ పని చేయించటం అయ్యే పనేనా? పైగా ట్యాంకు అతుకులు గాలి చొరకుండా చెయ్యగల పనివాళ్లు దొరకటం కష్టం, పాడైతే బాగుచేసేవాళ్లు దొరకటం ఇంకా కష్టం.

మన భాషలో చెప్పాలంటే, డెమోలో అదిరిపోయింది, ప్రొడక్షన్‌లో పడిపోయింది :-)

డెమో అని ఊరికే అనలేదు. ఈ రకం రైఫిల్ చేసిన అసలు ఘనకార్యం నిజంగానే డెమోలు ఇవ్వటం. 1803లో మెరివెదర్ లూయిస్, విలియమ్ క్లార్క్ అనే ఇద్దరు సైనికాధికారులు అమెరికా పడమటి తీరం దాకా దారి వెతుకుతూ బయల్దేరారు. లూయిస్ తనతో ఒక గాలి తుపాకీ తీసుకెళ్లాడు. అది గిరాండోని రకానిదేనని ఇప్పుడు చాలామంది పరిశోధకులు ఒప్పుకుంటున్నారు. దారిలో కలిసిన తెగల ముందు దాన్ని పేల్చి చూపించటం వాళ్లకో ఆనవాయితీ. పొగ లేకుండా, మందు దట్టించకుండా, ఒకదాని వెంట ఒకటి గుళ్లు పోతుంటే చూసేవాళ్లు బిత్తరపోయేవాళ్లు. ఎన్ని గుళ్లు పడతాయో, గాలి ఎప్పుడైపోతుందో చూసేవాళ్లకి తెలిసే వీలు లేదు. పట్టుమని నలభై మంది లేని బృందం అంత దూరం వెళ్లి 1806లో తిరిగి రావటానికి ఈ ప్రదర్శన కూడా ఓ చెయ్యి వేసిందని కొందరంటారు.

అయితే లూయిస్ డైరీ మొదటి రోజు, అంటే 1803 ఆగస్టు 30న, ఇంకో సంగతి కూడా ఉంది. పిట్స్‌బర్గ్ దగ్గర ఒక లంకలో ఆగి, ఎవరో అడిగితే ఆ తుపాకీ కాల్చి చూపించాడు. తర్వాత అక్కడున్న ఒకాయన చేతికిచ్చాడు. ఆయనకి దాన్ని పట్టుకోవటం రాదు. చేతిలో పేలింది. నలభై గజాల అవతల ఉన్న ఒకావిడ టోపీలోంచి గుండు దూసుకుపోయి కణతని గీరేసింది. ఆవిడ రక్తంతో కుప్పకూలింది. చచ్చిపోయిందనే అనుకున్నారు. అదృష్టం, కాసేపటికి తేరుకుంది. అంత పెద్ద చారిత్రక యాత్ర మొదటి రోజు రాతలోనే ఇది ఉండటం నాకెప్పుడూ ఆశ్చర్యంగా ఉంటుంది. 'గాలి తుపాకీయే కదా, ఏమవుతుందిలే' అనుకునే వాళ్లందరూ రెండుసార్లు చదవాల్సిన వాక్యాలవి.

పందొమ్మిదో శతాబ్దంలో తూటా, మందు కలిసి ఉండే కార్ట్రిడ్జి వచ్చింది. దాంతో యుద్ధంలో గాలి తుపాకీకి ఇక పని లేకుండా పోయింది. సరిగ్గా అప్పుడే అది ఇళ్లలోకి వచ్చింది. ఇక్కడో పిట్టకథ చెప్పాలి. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో ప్లిమత్ అనే ఊళ్లో 1882లో మొదలైన ఒక కంపెనీ గాలిమరలు తయారుచేసేది. పొలాల్లో నీళ్లు తోడే ఇనప గాలిమరలు. వ్యాపారం సాగక, గాలిమర కొన్న రైతుకి చిన్న ఇనప గాలి తుపాకీ ఊరికే ఇవ్వటం మొదలెట్టారు. జనం గాలిమరలు మానేసి తుపాకులు అడిగారు. చివరికి 1895లో కంపెనీ పేరే తుపాకీ పేరుకి మారింది. అదే డైసీ. కొసరు కోసం అసలు వదిలేసిన కంపెనీ అన్నమాట :-)

ఆ రకం బొమ్మ తుపాకులు ప్రపంచమంతా పాకాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బొంబాయిలో ఒక పిల్లాడు బొమ్మ గాలి తుపాకీతో పిచ్చుకని కొట్టాడు. దాని గొంతు దగ్గర పసుపు మచ్చ ఉంది. మామూలు పిచ్చుకలా లేదే అని వాళ్ల మామయ్యకి చూపిస్తే ఆయన బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపాడు. అక్కడ మిలార్డ్ అనే ఆయన ఆ పిట్ట ఏదో చెప్పి, గదుల నిండా ఉన్న పక్షుల నమూనాలు చూపించాడు. ఆ పిల్లాడే సలీం అలీ. మన దేశంలో పక్షుల గురించి ఆయనంత పని చేసినవాళ్లు లేరు. 1985లో వచ్చిన ఆయన ఆత్మకథ పేరు కూడా ఆ పిచ్చుక మీదే. ఒక గాలి తుపాకీ దెబ్బ వల్ల పక్షులకి మేలు జరిగింది, నాకు తెలిసి, అదొక్కసారే.

ఇంగ్లండులో కథ వేరు. బర్మింగ్‌హామ్‌లో లింకన్ జెఫ్రీస్ అనే తుపాకుల వ్యాపారి రూపకల్పన చేసిన ఎయిర్ రైఫిల్‌ని 1905 నుంచి బీఎస్ఏ కంపెనీ తయారుచేసింది. అవును, మోటారుసైకిళ్ల బీఎస్ఏనే. అది బొమ్మ కాదు, అసలు రైఫిల్‌లా పదికాలాలు నిలిచే సరుకు. సారాయి దుకాణాల్లో, క్లబ్బుల్లో పోటీలు మొదలయ్యాయి. ఇనప పలకకి చిన్న రంధ్రం, దాని వెనక గంట. గుండు రంధ్రంలోంచి పోతే గంట మోగుతుంది. అక్కడ ఎవరూ పవర్ అడగలేదు. గంట మోగిందా లేదా, అంతే. నా దృష్టిలో గాలి తుపాకీ దారి మళ్లింది అక్కడే. ఎంత గట్టిగా కొడుతుందన్నది పోయి, ప్రతిసారీ ఒకేచోట కొడుతుందా అన్నది వచ్చింది.

ఆ దారిలో అందరికంటే దూరం పోయింది జర్మన్లు. దానికి కారణం యుద్ధాల్లో ఓడిపోవటం! 1919 వెర్సాయ్ ఒప్పందం జర్మనీ ఆయుధ తయారీకి కళ్లెం వేసింది. 1945 తర్వాత మిత్రరాజ్యాలు తుపాకుల తయారీనే ఆపించాయి. డయానా బ్రాండు ఎయిర్ రైఫిళ్లు చేసే రాష్టాట్ ఊరి కంపెనీ యంత్రాలనీ, చివరికి ఆ పేరునీ కూడా యుద్ధ పరిహారం కింద బ్రిటన్‌కి పట్టుకుపోయారు. స్కాట్లండులో మిల్‌బ్రో అనే కంపెనీ ఆ పేరుతో తుపాకులు అమ్ముకుంది. అసలు డయానా వాళ్లు బ్రిటన్‌లో తమ సరుకుని తమ పేరుతో అమ్ముకోలేక 'ఒరిజినల్' అనే పేరు పెట్టుకున్నారు. కడుపుమండి పెట్టిన పేర్లలో ఇంతకంటే మంచిది నేను వినలేదు.

1950 ప్రాంతంలో ఎయిర్ రైఫిళ్లు చేసుకోటానికి అనుమతి దొరికింది. తుపాకులు తప్ప వేరే పని తెలియని గొప్ప ఇంజినీర్లందరూ దీని మీద పడ్డారు. లెక్కలు చేసే యంత్రాలు కూడా తయారుచేసిన వాల్తర్ కంపెనీ ఉల్మ్ ఊరికి మారి ఎయిర్ రైఫిళ్లు మొదలెట్టింది. మౌజర్ కంపెనీలో పనిచేసిన వెస్టింగర్, ఆల్టెన్‌బర్గర్ అనే ఇద్దరు ఫైన్‌వెర్క్‌బౌ కంపెనీ పెట్టారు. పేరుకి అర్థమే సున్నితమైన యంత్రాల నిర్మాణం.

వాళ్లు పట్టుకున్న సమస్య ఏంటో తెలియాలంటే స్ప్రింగు రైఫిల్ లోపల ఏం జరుగుతుందో చూడాలి. గొట్టం విరిచి వెనక్కి లాగితే లోపల స్ప్రింగు నొక్కుకుంటుంది. మీట నొక్కగానే స్ప్రింగు పిస్టన్‌ని ముందుకి తోస్తుంది. పిస్టన్ ముందున్న గాలి ఒక్కసారిగా నలిగి, వేడెక్కి, పెల్లెట్‌ని తోస్తుంది. పెల్లెట్ కూడా మామూలు గుండు కాదు. డమరుకంలా నడుం సన్నగా, వెనక బోలుగా ఉంటుంది. ఆ బోలు అంచు విచ్చుకుని గొట్టంలో గాలి తప్పించుకోకుండా పడుతుంది. ఇబ్బంది ఎక్కడంటే, బరువైన పిస్టన్ ముందుకి పరిగెడుతుంటే తుపాకీ వెనక్కి తన్నుతుంది. పిస్టన్ చివరికి వచ్చి ఆగగానే తుపాకీ ముందుకి తూలుతుంది. పెల్లెట్ ఇంకా గొట్టం దాటకముందే ఈ గొడవంతా జరుగుతుంది. అంటే గురి పెట్టిన చోటు వేరు, పెల్లెట్ బయటికొచ్చే సమయానికి గొట్టం చూస్తున్న చోటు వేరు. తుపాకీని బిగించి పట్టుకుంటే ఒక చోట, వదులుగా పట్టుకుంటే ఇంకోచోట తగులుతుంది.

1960ల్లో ఫైన్‌వెర్క్‌బౌ వాళ్లు చేసింది సింపుల్. కాల్చగానే తుపాకీ లోపలి యంత్రాంగం మొత్తం పట్టాల మీద జారేలా పెట్టారు. తన్నేది లోపల తన్నుకుంటుంది, బయట చెక్కని పట్టుకున్నవాడికి తెలియదు. పవర్ ఒక్క పిసరు పెంచలేదు. కానీ పోటీల్లో వాళ్ల రైఫిళ్లకి ఏళ్ల తరబడి ఎదురులేకపోయింది. తర్వాత స్ప్రింగు పోయి, ముందే నింపిన గాలి వచ్చింది. అంటే మన గిరాండోని ఆలోచనే. ఇప్పుడు పోటీ రైఫిళ్లన్నీ అవే. కాకపోతే ట్యాంకుకీ గొట్టానికీ మధ్య ఒక రెగ్యులేటర్ ఉంటుంది. ట్యాంకులో పీడనం ఎంత తగ్గుతున్నా ప్రతి పెల్లెట్‌కీ ఒకే కొలత గాలి ఇస్తుంది. ఆస్ట్రియా సైన్యాన్ని ఓడించిన సమస్యకి రెండొందల ఏళ్ల తర్వాత దొరికిన జవాబది.

ఇప్పుడు పవర్ లెక్కకి వద్దాం. గుండు శక్తి అంటే సగం ద్రవ్యరాశి ఇంటూ వేగం వర్గం, ఇంటర్‌లో అందరం చదివిందే. పోటీ రైఫిల్ పెల్లెట్ బరువు అర గ్రాము పైచిలుకు, వేగం సెకనుకి సుమారు 170 మీటర్లు. లెక్క కడితే ఏడున్నర జౌళ్లు. జర్మనీలో లైసెన్సు లేకుండా కొనుక్కునే రైఫిళ్ల హద్దు కూడా ఆ ఏడున్నరే. బ్రిటన్‌లో 1969 నిబంధనలు పెట్టిన హద్దు పన్నెండు అడుగు-పౌండ్లు, అంటే పదహారు జౌళ్ల పైన. మన దేశంలో 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం ఇరవై జౌళ్లు, పాయింట్ 177 గొట్టం. అది దాటితే లైసెన్సు కావాలి.

పది మీటర్ల ఎయిర్ రైఫిల్ 1984 లాస్ ఏంజిలిస్ నుంచి ఒలింపిక్స్‌లో ఉంది. లక్ష్యంలో పది పాయింట్ల చుక్క అడ్డం అర మిల్లీమీటరు. వాక్యం చివర పెట్టే ఫుల్‌స్టాప్ అంత. 2008 ఆగస్టు 11న బీజింగ్‌లో చివరి గుండు ముందు అభినవ్ బింద్రా, ఫిన్లండుకి చెందిన హాకినెన్ సమానంగా ఉన్నారు. హాకినెన్ 9.7 కొట్టాడు. బింద్రా 10.8 కొట్టాడు. అంతకంటే ఎక్కువ వచ్చేది 10.9 ఒక్కటే. ఒలింపిక్స్‌లో మన దేశానికి వచ్చిన మొదటి వ్యక్తిగత స్వర్ణం అది. నాలుగేళ్ల తర్వాత లండన్‌లో అదే పోటీలో మన హైదరాబాదు గగన్ నారంగ్ కాంస్యం తెచ్చాడు. ఈ రెండు పతకాలూ వచ్చింది మన చట్టం లైసెన్సు లేకుండా ఒప్పుకునే శక్తిలో మూడోవంతు దాటీ దాటని రైఫిళ్లతో. పవర్ కోసం స్ప్రింగులు మార్పించే మిత్రులు ఈ లెక్క ఒక్కసారి గోడ మీద రాసుకుంటే బావుంటుంది.

పవర్ పెంచితే ఏమవుతుందో కూడా కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. కార్డ్యూ అనే ఇంటిపేరున్న తండ్రీకొడుకులు 1970ల్లో స్ప్రింగు రైఫిల్ మీద ఇంట్లోనే ఓపిగ్గా ప్రయోగాలు చేసి పుస్తకం రాశారు. రైఫిల్‌ని మామూలు గాలిలో కాకుండా నైట్రోజన్‌లో కాల్చి చూశారు. శక్తి బాగా తగ్గిపోయింది. అంటే మామూలప్పుడు లోపలున్న గ్రీజు, నూనె కొంచెం మండుతూ ఆ తోపుకి సాయపడుతున్నాయన్నమాట, డీజిలింజన్‌లో లాగా. కొందరు 'పవర్ కోసం' నాలుగు చుక్కల నూనె పోసి ఢాం అనిపిస్తారు చూశారూ, అది ఇదే. ఒక గుండు అలా, ఒక గుండు ఇలా పోతుంది. పైగా సీలూ స్ప్రింగూ పాడవుతాయి. గట్టి స్ప్రింగు వేసినా తన్ను పెరుగుతుంది, గురి చెదురుతుంది, గొట్టం విరవటానికి చెయ్యి నొప్పెడుతుంది. అది కూడా చాలక, ఇరవై జౌళ్లు దాటిన రోజున మీ హాబీ కాస్తా లైసెన్సు లేని ఆయుధమై కూర్చుంటుంది.

డబ్బా మీద రాసే వెయ్యి అడుగుల వేగం సంగతీ అంతే. అది 305 మీటర్లు. అర గ్రాము పైచిలుకు సీసం పెల్లెట్ నిజంగా ఆ వేగంతో పోతే శక్తి దాదాపు పాతిక జౌళ్లు. లైసెన్సు లేని రైఫిల్ ఆ వేగం ఇస్తోందంటే పెల్లెట్ చాలా తేలికదై ఉండాలి, లేకపోతే ఆ అంకె అబద్ధమై ఉండాలి. పైగా ధ్వని వేగం దగ్గరికి పోయే కొద్దీ పెల్లెట్ నిలకడ తప్పుతుంది.

అసలీ పవర్ పిచ్చి ఎందుకని అడిగితే చాలాసార్లు తేలే సమాధానం పిట్టలు. కొంగలు, గువ్వలు, పావురాలు. చెరువు గట్టున తుపాకీతో ఫోటో. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ఉందని చాలామందికి గుర్తుండదు. అరుణాచల్ ప్రదేశ్‌లో వేట తరతరాల అలవాటు. గాలి తుపాకులు చేతికొచ్చాక అడవుల్లో పిట్టల కూత తగ్గిపోయిందని అక్కడి వాళ్లే గమనించారు. 2021 మార్చిలో తుపాకులు అప్పగించమని ప్రభుత్వం పిలుపునిస్తే రెండు వేలకు పైగా జనం తమంతట తామే ఇచ్చేశారు. సరదా కోసం కొన్న మనకి వాళ్లకున్న ఆ మాత్రం సాకు కూడా లేదు.

కాబట్టి కొనాలనుకునే వాళ్లకి నా మాట. డబ్బా మీద వేగం చూడొద్దు, మీట ఎంత మెత్తగా కదులుతోందో చూడండి. బరువు మీ భుజానికి సరిపోవాలి, గొట్టం కీలు దగ్గర కదలకూడదు. పెల్లెట్ లేకుండా ఉత్తినే పేల్చొద్దు, గాలి ఆసరా లేక పిస్టన్ నేరుగా గోడకి గుద్దుకుంటుంది. నాలుగు రకాల పెల్లెట్లు కొని, ఏది ఒకేచోట పడుతోందో చూసుకోండి. తుపాకీని బిగించి పట్టుకోకుండా అరచేతిలో ఊరికే ఆననివ్వండి. మార్పులు చెయ్యాలనిపిస్తే చేతిలో పనున్నవాడి దగ్గరకెళ్లి లోపలి గరుకు నున్నన చేయించండి, స్ప్రింగు జివ్వుమని మోగకుండా బిగువు సరిచేయించండి, సరైన గ్రీజు సరైనంత పెట్టించండి. పవర్ పెరగదు, కానీ అదే తుపాకీ వేరే తుపాకీలా ఉంటుంది. కాగితం వెనక గుండు ఆగే గట్టి అడ్డం, కళ్లకి అద్దాలు, చుట్టుపక్కల మనుషులు లేని చోటు, ఈ మూడూ లేకపోతే మాత్రం తుపాకీ పెట్టెలోంచి తియ్యకండి.

నూటికి నూరుపాళ్లు నా అభిప్రాయం ఏంటంటే, గాలికి బలం తక్కువ. ఆ సంగతి గిరాండోని కాలానికే తేలిపోయింది. తక్కువ బలంతో అర మిల్లీమీటరు చుక్కని కొట్టడం నేర్చుకోవటమే ఈ రెండొందల ఏళ్లలో జరిగిన అసలు పని. అది వదిలేసి మళ్లీ బలం వెంట పడటమంటే చరిత్రని వెనక్కి నడపటమే. అంత బలమే కావాలంటే జిమ్ముకెళ్లండి, అది లైసెన్సు లేకుండానే దొరుకుతుంది.